గర్భిణుల రక్తహీనత: కొండకొలత, నేలకొలత

తెలంగాణమున గర్భము ధరించిన స్త్రీలలో సగమునకు మించినవారు రక్తహీనతతో నున్నారని ప్రభుత్వమువారి లెక్కలే చెప్పుచున్నవి. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో గర్భిణులలో నూటికి 53 మందికి రక్తము చాలదని తేలినది. 2015-16 నాటి నాలుగవ సర్వేలో ఈ సంఖ్య 48. దేశమంతటిని కలిపి చూచినను 50 నుండి 52కు పెరిగినదే గాని తగ్గలేదు. ఆంధ్రప్రదేశపు స్థితియు ఇంచుమించు ఇదియే. కాన్పులు ఆసుపత్రులకు చేరినవి, రోడ్లు పడినవి, బియ్యము ఉచితముగా ఇంటింటికి అందుచున్నది. 2018-20 నాటి లెక్కలలో తెలంగాణమున లక్ష సజీవ జననములకు మాతృమరణములు 43 మాత్రమే. దేశపు సగటు 97. తల్లి ప్రాణము నిలుపుటలో మన వైద్యులు సాధించినది తక్కువ కాదు. అయినను తల్లి ఒంటికి రక్తము పట్టించుటలో మాత్రము మనము వెనుకకు జరిగితిమి. ఈ విపరీతమునకు కారణమేమి?

ఈ ప్రశ్నను మేము చిట్యాలను ఎదుట పెట్టుకొని విచారింపదలచితిమి. కారణము కలదు. పూర్వపు వరంగల్లు జిల్లానుండి 2016 అక్టోబరులో విడదీయబడిన జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిది ఈ మండలము. 2022 డిసెంబరు 21వ తేదీన నాటి ప్రభుత్వము కేసీఆర్ న్యూట్రిషన్ కిట్టు అను పేర గర్భిణులకు పౌష్టికాహారపు సంచులను పంచుట ఆరంభించినప్పుడు, రక్తహీనత మెండుగా నున్నవని తొమ్మిది జిల్లాలను మొదట ఏర్పఱచెను. ఆదిలాబాదు, ఆసిఫాబాదు, కొత్తగూడెము, ములుగు, కామారెడ్డి, వికారాబాదు, నాగర్‌కర్నూలు, గద్వాలలతోపాటు భూపాలపల్లియు ఆ పట్టికలో నుండెను. 2023 జూనులో దానిని జిల్లాలన్నిటికి విస్తరింపజేసిరి. ఆ తొమ్మిది పేర్లను చదివిన వెంటనే, ఇవి అడవులు, కొండలు, వెనుకబడిన తండాలు గల సీమలు గదా, అక్కడివారికి రక్తము తక్కువయగుట సహజమే యని పట్టణవాసులు తలపోయుట కలదు. ఈ 'సహజము' అను మాటనే మేము పరీక్షింపగోరుచున్నాము.

రక్తమునకు ఎఱుపునిచ్చి, ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును ఒడలంతటికి మోసికొనిపోవు పదార్థము హిమోగ్లోబిన్. గర్భిణీస్త్రీకి డెసిలీటరు రక్తమునకు 11 గ్రాములకు తగ్గిన రక్తహీనత యందురు. 10కి పైనున్న స్వల్పము, 7 మొదలు 10లోపల మధ్యమము, 7కు తక్కువైన తీవ్రము. మన ఆరోగ్య కార్యకర్తల పుస్తకములలో నున్న కొలత ఇదియే. అయితే ఈ 11 అను అంకె సముద్రపు టొడ్డున నివసించువారిని బట్టి యేర్పడినది. ఎత్తునకు పోయిన కొలది వాతావరణపు ఒత్తిడి తగ్గును. ప్రతి శ్వాసతో లోనికి పోవు ప్రాణవాయువును తగ్గును. దానిని మూత్రపిండములు కనిపెట్టి, ఎముకలలోని మూలుగునకు ఒక రసాయనము ద్వారా సందేశము పంపును; మూలుగు ఎఱ్ఱకణములను అధికముగా తయారుచేయును. కావున కొండపై నివసించు ఆరోగ్యవంతురాలి హిమోగ్లోబిన్ పల్లమున నుండు ఆరోగ్యవంతురాలి దానికంటె ఎక్కువగా నుండవలెను. పల్లపు కొలతతో కొండవారిని కొలిచిన, రక్తము చాలనివారు కూడ చాలినవారుగా కనబడుదురు.

ఈ సవరణ క్రొత్తది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పాతపట్టికలో 1,000 మీటర్ల ఎత్తున మొదలుపెట్టి 0.2 గ్రాములు, 1,500 మీటర్లకు 0.5 గ్రాములు తీసివేయవలెనని యుండెను. వేయి మీటర్లకు దిగువ ఏ సవరణయు లేదు. 2024లో ఆ సంస్థ ఈ పట్టికను మార్చినది. ఇప్పుడు 500 మీటర్లనుండియే సవరణ మొదలగుచున్నది: 500 మొదలు 1,000లోపల 0.4, అటుపైన 1,500లోపల 0.8 గ్రాములు. ఇంతేగాక, గర్భము మధ్య మూడు మాసములలో రక్తములోని నీరు పెరిగి కణములు పలుచబడుట స్వభావము గనుక, ఆ కాలమునకు మాత్రము 11కు బదులు 10.5 గీతగా నిర్ణయించినది.

దీని ఫలము మన సీమలో ఎట్లుండునో చూడుడు. ఎనిమిదవ మాసమున నున్న ఇరువురు స్త్రీలకు పరీక్షలో 11.2 వచ్చినదనుకొందము. ఒకతె చిట్యాలది, ఆ మండలము గోదావరీ పరీవాహకపు పల్లమున, 500 మీటర్లకు మిక్కిలి లోబడియున్నది. ఆమెకు రక్తము చాలినది. రెండవయామె విశాఖ మన్యమున సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న పాడేరు ప్రాంతముది. ఆమె అంకెలోనుండి 0.4 తీసివేయగా 10.8 మిగులును, ఆమె రక్తహీనురాలు. ఇంకను పైన, వేయి మీటర్లు దాటిన గూడెములలో నివసించునామెకైన 11.7 వచ్చినను చాలదు. పాతపట్టికను బట్టి పాడేరు స్త్రీకి ఏ సవరణయు లేదు. ఆమె ఆరోగ్యవంతురాలని వ్రాసి ఇంటికి పంపుదురు. కాన్పునాడు రక్తస్రావమైనప్పుడు గాని నిజము బయటపడదు. అప్పటికి కొండదిగువ ఆసుపత్రికి ఎన్ని గంటల దారి యుండునో మన్యమెఱిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

మన రాజధాని హైదరాబాదు చాలవఱకు 500 మీటర్లకు కొంచెము పైన, మూసీ యొడ్డున కొన్నిచోట్ల దానికి దిగువను నున్నది. బంజారా కొండపై ఒక కొలత, నదియొడ్డున మఱియొక కొలతయా యని చదువరులు నవ్వవచ్చును. గీత ఎక్కడ గీచినను దానికి అటు నిటు నుండువారికి చిక్కు తప్పదు. అంతమాత్రమున గీతయే వలదనుట తగదు. వికారాబాదు పట్టణము 600 మీటర్లకు పైబడిన పీఠభూమిపై నున్నది. భూపాలపల్లి పల్లమున నున్నది. 2022 నాటి తొమ్మిది జిల్లాల పట్టికలో ఈ రెండును ఒకే వరుసన నిలిచినవనిన, ఎత్తు ఒక్కటే కారణము కాదని స్పష్టమగుచున్నది.

ఎత్తు సవరణను గ్రుడ్డిగా వాడుటయు ప్రమాదమే. అయిదవ సర్వేలో లదాఖు స్త్రీలలో నూటికి 90 మందికి పైగా రక్తహీనులని వచ్చినది. సర్వేవారు అంకెలను ఎత్తును బట్టి సవరించియే లెక్క కట్టిరి. లదాఖు స్త్రీలు నిజముగా మన స్త్రీలకంటె అంత హీనస్థితిలో నున్నారా? టిబెట్టు జాతులవారి రక్తము అమెరికాఖండపు ఆండీసు పర్వతవాసుల రక్తమువలె ఎత్తునకు తగినట్లు చిక్కబడదని పరిశోధకులు కనుగొనిరి. వేలయేండ్లు ఆ ఎత్తుననే నివసించిన జాతి కావున తక్కువ హిమోగ్లోబినుతోనే ప్రాణవాయువును చక్కగా వాడుకొను శక్తి వారి వంశములోనే నిలిచినది. ఒక పర్వతవాసులనుబట్టి కట్టిన లెక్క మఱియొక పర్వతవాసులకు సరిపోదు. కావున లదాఖు అంకెను చూచి బెదరిపోవుటయు, మన మన్యపు అంకెను చూచి తృప్తిపడుటయు రెండును అవివేకములే. మన కొండదొరలు, బగతలు, కోదులు మున్నగువారికి సరిపోవు కొలత మనమే పరిశోధించి తేల్చుకొనవలెను. ఆ పనికి తగిన సంస్థ హైదరాబాదులోనే యున్నది.

ఆ సంస్థ చరిత్రయే ఈ విషయమునకు చక్కని పీఠిక. 1918లో నీలగిరులలో 1,800 మీటర్లకు పైనున్న కూనూరులో, పాశ్చరు సంస్థలోని ఒక గదిలో, మెక్‌కారిసను అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని విచారించుటకు మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల క్రమముగా పోషకాహార పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు అక్కడి బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, తరువాత కొంతకాలము కూనూరులోను, 1931లో మద్రాసు గోషా ఆసుపత్రిలోను తన పరిశోధన సాగించెను. ఈస్టు సారముతో చేసిన చవుక పదార్థము తినిపించినంతనే ఆ స్త్రీలలో పెక్కురు కోలుకొనుట ఆమె చూచినది. అది ఇనుముకొఱత కాదు, మఱియేదో కొఱత యని గుర్తించినది. ఆ 'మఱియేదో' తరువాత ఆకుకూరలనుండి తీయబడి, 1941లో ఆకునుబట్టియే ఫోలికామ్లమని పేరు పొందినది. దానిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా నిర్మించిన బృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నేడు చిట్యాలలో ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టు ఎఱ్ఱబిళ్లలో ఇనుము 60 మిల్లిగ్రాములు, సుబ్బారావుగారి ఫోలికామ్లము 500 మైక్రోగ్రాములు నుండును. ఒక తెలుగువాని బుద్ధిబలము ప్రపంచమునకంతటికి ఉపకరించినది. తెలుగు తల్లికి మాత్రము ఇంకను అందవలసియున్నది.

అందలేదనుట బిళ్లలు పంచకపోవుటచే గాదు. గర్భిణులకు ఇనుము బిళ్లలిచ్చు జాతీయ కార్యక్రమము 1970లోనే మొదలైనది. 2018లో 'అనీమియా ముక్త్ భారత్' అను పేర దానిని విస్తరించి, గర్భకాలమున 180 దినములు, కాన్పు తరువాత మఱి 180 దినములు బిళ్ల మ్రింగవలెనని నియమించిరి. తెలంగాణమున 2015 జనవరి 1వ తేదీనుండి ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద అంగన్వాడీలో గర్భిణులకు పూట భోజనము, గ్రుడ్డు, 200 మిల్లిలీటర్ల పాలు పెట్టుట ఆరంభమైనది. 2022 నాటి సంచిలో ఖర్జూరము, నేయి, ఇనుము మందుసీసాలు, నులిపురుగుల మాత్ర నుండెను. అర్ధశతాబ్దికి పైగా బిళ్లయు, పదేండ్లకు పైగా అన్నమును ఉన్నప్పుడు, పల్లమున నున్న చిట్యాల వంటి సీమ రక్తహీనతకు ఎత్తును గాని, గాలిని గాని కారణముగా చెప్పుటకు వీలులేదు. అక్కడ 10 అనిన 10యే. ఆ అంకెలో దాగియున్నది కొండ కాదు, మన వ్యవహారము.

మొదట బిళ్ల సంగతి. ఇనుము బిళ్ల మ్రింగినయామెకు కడుపులో త్రిప్పును, మలబద్ధకమగును, మలము నల్లబడును. ఇది సహజమని ముందుగా చెప్పువారు లేకున్న ఆమె భయపడి నాలుగవనాడు మానివేయును. బిళ్లలు తిన్న బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునను మాట పల్లెలలో అత్తలు చెప్పుట నేటికిని వినబడుచున్నది. అన్నము తిన్న వెంటనే టీ త్రాగు అలవాటు ఊరూర పాతుకొనినది. టీలోని వగరు ఇనుమును ఒంటికి పట్టనీయదు. పంచిన బిళ్లల లెక్క ప్రభుత్వము వద్ద నుండును; మ్రింగిన బిళ్లల లెక్క ఎవరివద్దను లేదు. మధ్యమ రక్తహీనతకు బిళ్ల పట్టనివారికి నరముద్వారా ఇనుము ఎక్కించు మందులు వచ్చినవి. వానిని కాన్పు దగ్గఱపడిన తరువాత గాక, ఆఱవ మాసముననే వాడుటకు తాలూకా ఆసుపత్రులకు వసతి యుండవలెను.

రెండవది, గర్భమునకు ముందటి సంగతి. పదునెనిమిదేండ్లు నిండియు నిండకుండ పెండ్లియై, ఏడాదికే తల్లియగు పిల్లకు తన ఒడలు పెరుగుటకే ఇనుము చాలదు. ఒక కాన్పునకును మఱియొక కాన్పునకును నడుమ తగిన వ్యవధి లేకున్న, పోయిన రక్తము తిరిగి కూడదు. పొలములో చెప్పులు లేక తిరుగువారికి పాదములద్వారా కొంకిపురుగు లోనికి ప్రవేశించి ప్రేగులనుండి రక్తమును పీల్చును. అడవిని ఆనుకొనియున్న గ్రామములలో మలేరియా యొకటి. కొన్ని ఆదివాసి కుటుంబములలో వంశపారంపర్యముగా వచ్చు కొడవలికణ వ్యాధి మఱియొకటి. దానికి ఇనుము మందు కాదు. ఆ పరీక్షకై దేశవ్యాప్తముగ 2023 జూలైలో కార్యక్రమమొకటి మొదలుపెట్టిరి. గర్భిణికి మొదటి పరీక్షలోనే దీనిని చేర్చకున్న వైద్యుడు చీకటిలో బాణము వేసినట్లే.

మూడవదానిని గుఱించి మా చదువరులతో కొంచెము నిష్ఠురముగా మాటలాడవలసియున్నది. చిట్యాల ప్రాంతపు పంటలు పత్తి, వరి, మిరప. పత్తి ఏఱుట, నాట్లు వేయుట, మిరప కోయుట స్త్రీల చేతిపనులు. అంగన్వాడీలో భోజనము పెట్టునది పట్టపగలు. ఆ వేళకు కూలికి పోయిన గర్భిణి ఊరికి మైళ్లదూరమున చేనిలో నుండును. గ్రుడ్డును పాలును విడిచి వచ్చిన ఆమె మూటలో తెచ్చుకొన్నది అన్నమును పచ్చడియు. నడుమ లేచి పోయిన సగముకూలి కోసివేయు రైతును, గుత్తకు మనుషులను కుదుర్చు మేస్త్రీయు ఆ గ్రుడ్డునకు అడ్డుపడుచున్నారు. ప్రభుత్వము పెట్టిన అన్నమును తినకుండ చేయుచున్నది ప్రభుత్వము కాదు. భూస్వాములైన మా చదువరులు తమ కూలివారిలో గర్భిణులెవరో తమకు తెలియదనరాదు. రాష్ట్రపు గర్భిణులలో సగమునకు మించి రక్తహీనులైనప్పుడు, చేనికి వచ్చు కూలివారిలో అట్టివారు లేరని ఎవరు చెప్పగలరు? రక్తము చాలని స్త్రీ కాన్పున సామాన్య రక్తస్రావమునకే కూలిపోవును. ఆమె బిడ్డ పుట్టుకతోనే ఇనుముకొఱతతో పుట్టును. ఆ బిడ్డయే నాలుగేండ్లకు బడికి పోవును, పదునారేండ్లకు అదే చేనికి వచ్చును.

పట్టణవాసులును తమకు సంబంధము లేదని కూర్చుండరాదు. రక్తహీనత పేదలది మాత్రమే కాదని సర్వేలు తెలుపుచున్నవి. కలవారి యిండ్లలోను ఈ కొఱత కలదు. తెల్లబియ్యము, టీ, ఆకుకూరపై చిన్నచూపు భాగ్యవంతులకును సాధారణములే. తోటకూర, మునగాకు, నువ్వులు, రాగులు దరిద్రుల తిండియని ఎంచినవారి కోడండ్రు నేడు మందుల దుకాణమున ఇనుము సీసాలు కొనుచున్నారు.

ఇక లెక్కలను గుఱించి ఒక మాట. సర్వేలలో వ్రేలిని గ్రుచ్చి తీసిన రక్తపు చుక్కతో హిమోగ్లోబిన్ చూచిరి. చుక్కను పిండి తీసినయెడల నీరు కలిసి అంకె తప్పు చూపునని, నరమునుండి తీసిన రక్తముతో చూచిన రక్తహీనత వేఱుగా కనబడునని శాస్త్రజ్ఞులు వాదించిరి. తరువాతి సర్వేనుండి రక్తహీనత పరీక్షను తీసివేసి, హైదరాబాదులోని పోషకాహార సంస్థ నడపు ఆహార సర్వేలో నరమునుండి రక్తము తీసి కొలుచుటకు నిర్ణయించిరి. ఇది మంచి నిర్ణయమే. అయినను కొలతబద్ద మాఱినప్పుడు అంకె తగ్గిన, దానిని పథకముల విజయముగా చాటుకొనువారు తప్పక బయలుదేరుదురు. పాత అంకెను క్రొత్త అంకెతో పోల్చరాదని ఇప్పుడే చెప్పియుంచుచున్నాము.

మేము కోరునది మిక్కిలి ఖర్చుతో గూడినది కాదు. గర్భిణికిచ్చు కార్డుపై హిమోగ్లోబిన్ అంకె ప్రక్కన గర్భపు వారములను, ఆమె నివసించు గ్రామపు ఎత్తును వ్రాయవలెను. ప్రతి గ్రామపు ఎత్తును ప్రభుత్వ పటములలో నున్నదే. ఒక్కమారు కార్డుపై అచ్చువేసిన చాలును. చిట్యాల కార్డుపై సున్న సవరణ, పాడేరు కార్డుపై 0.4, దాని పైగూడెముల కార్డుపై 0.8. వైద్యునకు లెక్క వేసికొను శ్రమయు ఉండదు. రెండు తెలుగు ప్రభుత్వములును 2024 నాటి పట్టికను పరిశీలించి, దానిని అంగీకరించుటయో, మన కొండజాతులకు తగిన వేఱు పట్టికను పరిశోధించి తయారుచేయుటయో ఏదో యొకటి ప్రకటింపవలెను.

పల్లపు మండలములలో అంగన్వాడీ భోజనపు వేళను వ్యవసాయపు పనులను బట్టి మార్చుటకు జిల్లా అధికారులకు స్వతంత్రమీయవలెను. పత్తి ఏఱు మాసములలోను, నాట్ల కాలమునను ఉదయము ఎనిమిది గంటలలోపల గ్రుడ్డును పాలును గర్భిణికి ఎదుటనే తినిపించి, ఆ పూటనే బిళ్ల మ్రింగించి పంపిన, కార్యకర్తకు కొంచెము ముందు లేచు పని తప్ప వేఱు కష్టము లేదు. దానికి ఆమెకు అదనపు వేతనమీయుట న్యాయము. ఆ గంటకు కూలి కోయమని చిట్యాల చుట్టుపట్ల రైతులు గ్రామసభలలో తీర్మానము చేసి వ్రాసియిచ్చినయెడల, ఏ గ్రామమువారు ముందుగా చేసిరో దానిని మా పత్రికలో ప్రకటించుటకు మేము సిద్ధముగా నున్నాము.